సాక్సనీ వెండి టాలర్ల సేకరణ – నా అనుభవం

ఉద్యోగం కోసం జర్మనీలోని డ్రెస్డెన్‌కు వచ్చిన రెండో ఏడాది, ఎల్బె నది ఒడ్డున ఆల్బర్ట్ వంతెన దగ్గర శనివారాల్లో జరిగే పాతసామాన్ల సంతలో, పింగాణీ కప్పుల పక్కన ఒక రేకు డబ్బాలో ఉన్న వెండి నాణేన్ని 45 యూరోలకు కొన్నాను. బొమ్మ వైపు, ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన సాక్సనీ రాజు యోహాన్ తల, మెడ కింద ‘బి’ అనే చిన్న అక్షరం, బొరుసు వైపు కిరీటంతో కూడిన రాజచిహ్నం ఉన్నాయి. సంవత్సరం 1866. అప్పటికి నాకు జర్మన్ నాణేల గురించి ఏమీ తెలియదు. మా నాయనమ్మ పోపుల పెట్టెలో దాచుకున్న విక్టోరియా రాణి రూపాయిలను చిన్నప్పుడు అరచేతిలో పెట్టుకుని ఆడుకున్న అలవాటు వల్ల, పాత వెండి బరువు ఎలా ఉంటుందో మాత్రం చేతికి తెలుసు. ఈ నాణెం ఆ రూపాయి కంటే బరువుగా ఉంది; రంగు మాత్రం నల్లబడి, అంచుల దగ్గర నీలం, ఊదా కలిసిన మరకలతో ఉంది. ఆ నలుపును మురికి అనుకోవడమే నేను చేసిన మొదటి తప్పు.

మా అమ్మ పూజ సామాన్లలోని వెండి కుందులనూ హారతి పళ్లేన్నీ పండగకు ముందు విభూతితో రుద్ది మెరిపించేది. ఇంటి నుంచి తెచ్చుకున్న విభూతి పొట్లం నా దగ్గర ఉంది. ఆ సాయంత్రమే తడిగుడ్డ మీద విభూతి వేసి ఆ నాణేన్ని అరగంటసేపు శ్రద్ధగా రుద్దాను. అది కొత్త వెండిగిన్నెలా తళతళలాడింది. మరుసటి వారం దానిని జేబులో వేసుకుని, గుర్తింపు కోసం ఊళ్లోని ఒక నాణేల దుకాణానికి వెళ్లాను. అక్కడి పెద్దాయన భూతద్దం కంటికి ఆనించి, దీపం కింద నాణేన్ని అటూ ఇటూ వంచి చూసి, ‘దీన్ని ఎవరు రుద్దారు?’ అని అడిగారు. నేనే అని చెప్పాను. ఆయన కోప్పడలేదు. సొరుగులోంచి అదే రాజుది, అదే సంవత్సరానిది మరో టాలర్ (ఆ కాలపు పెద్ద వెండి నాణెం పేరు అది) తీసి నా నాణెం పక్కన పెట్టి, రెండింటినీ దీపం కింద నెమ్మదిగా తిప్పమన్నారు. ఆయన నాణెం మీద వెలుగు బండి చక్రం ఆకుల్లా గుండ్రంగా తిరిగింది. నా నాణెం మీద వెలుగు ఎటు తిప్పినా ఒకే తీరుగా ఉండిపోయింది. దాని నిండా ఒకే దిశలో సాగిన వెంట్రుకవాసి గీతలు కనిపించాయి.

ఆ తేడాకు కారణాన్ని తర్వాత చదివి తెలుసుకున్నాను. అచ్చుల మధ్య వెండి బిళ్లను నొక్కినప్పుడు లోహం మధ్య నుంచి అంచు వైపు పారి, కంటికి విడిగా కనిపించనంత సన్నని గాడులు ఏర్పడతాయి. తిరిగే వెలుగు ఆ గాడుల నుంచి వస్తుంది. ఏ పొడితో రుద్దినా మొదట అరిగేది అవే, ఒకసారి పోతే వాటిని తిరిగి తేగల విద్య ఏదీ లేదు. నలుపు అంటారా, అది గాలిలోని గంధకంతో వెండి కలిసి దశాబ్దాల తరబడి కట్టిన పలుచని పొర. అది సమంగా కట్టిన నాణేనికే సేకర్తలు ఎక్కువ ధర ఇస్తారు. పూజ సామాన్లకు మెరుపు అందం కావచ్చు గాని, నాణెం విషయంలో దాని చర్మమే దాని చరిత్ర. ఆ చర్మాన్ని నేను నా చేతులతోనే వలిచేశాను. ఈ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు; ఈ అనుభవాన్ని ఇంత వివరంగా రాయడానికి అదీ ఒక కారణం.

ఆ పెద్దాయన దగ్గర నేర్చుకున్న రెండో పాఠం ‘బి’ అక్షరానికి సంబంధించినది. జర్మన్ సామ్రాజ్యం ఏర్పడ్డాక వచ్చిన మార్కు నాణేల మీద టంకశాలకు ఒక అక్షరం చొప్పున ఉంటుంది: ఎ అంటే బెర్లిన్, డి అంటే మ్యూనిక్, ఎఫ్ అంటే ష్టుట్‌గార్ట్, జి అంటే కార్ల్స్‌రూహె, జె అంటే హాంబుర్గ్. ఈ పట్టికలో బి అంటే హనోవర్. నేను అది చూసుకుని, నా నాణెం సాక్సనీ రాజుదే అయినా హనోవర్‌లో ముద్రించారని ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. అది పూర్తిగా తప్పు. ఆ పట్టిక 1871 తర్వాతి నాణేలకే చెల్లుతుంది. అంతకు ముందు ప్రతి రాజ్యానికీ తన పద్ధతి ఉండేది. సాక్సనీ టాలర్ల మీది అక్షరం ఊరి పేరును కాక టంకశాల అధిపతి పేరును తెలుపుతుంది. జి అంటే గ్రోమాన్, ఎఫ్ అంటే ఫిషర్, బి అంటే 1860 నుంచి ఆ పదవిలో ఉన్న బుషిక్. నాణెం ముద్రించింది డ్రెస్డెన్‌లోనే. ప్రష్యా పాత టాలర్ మీద డి కనబడితే అది మ్యూనిక్ కాదు, డ్యుసెల్‌డార్ఫ్. హనోవర్ రాజ్యపు పాత టాలర్ మీద ఎ కనబడితే అది బెర్లిన్ కాదు, హార్ట్స్ కొండల్లోని క్లౌస్టాల్. ఒకే అక్షరానికి రాజ్యాన్నీ కాలాన్నీ బట్టి అర్థం మారిపోతుందని తెలిశాక, నాణెం చేతికి రాగానే ముందు ‘ఏ రాజ్యం, ఏ సంవత్సరం’ అని చూసి, ఆ తర్వాతే అక్షరం జోలికి వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

మొదటి ఆరు నెలలు కనిపించిన ప్రతిదాన్నీ కొనాలనిపించింది. బవేరియా రాజు మొదటి లుడ్విగ్ వేయించిన చరిత్ర టాలర్లు, అందులోనూ 1835లో న్యూరెంబెర్గ్ నుంచి ఫ్యూర్త్ వరకు ఆవిరిబండి నడిచిన సందర్భాన్ని ముద్రించినది, కంటపడితే చూపు తిప్పుకోలేకపోయేవాడిని. ఫ్రాంక్‌ఫర్ట్ నగరాన్ని స్త్రీమూర్తిగా చూపిన టాలర్ ఒకటి, 1888లో 99 రోజులు మాత్రమే ఏలిన మూడో ఫ్రీడ్రిష్ చక్రవర్తి రెండు మార్కుల నాణెం ఒకటి కొన్నాను కూడా. అయితే 19వ శతాబ్దపు మొదటి డెబ్బై ఏళ్లలో డజన్లకొద్దీ రాజ్యాలు, సంస్థానాలు, స్వతంత్ర నగరాలు తమతమ నాణేలను ముద్రించాయి. అన్నింటినీ పోగు చేయాలనుకుంటే జీతం చాలదు, జీవితమూ చాలదు. పైగా కొత్తవాడికి ఏ ఒక్కదాని మీదా పట్టు చిక్కదు. అందుకే నేను ఉంటున్న రాజ్యాన్నే ఎంచుకున్నాను: సాక్సనీ, రాజు యోహాన్, 1857 నుంచి 1871 వరకు వచ్చిన టాలర్లు, వీలైతే సంవత్సరానికొకటి. ఇలా హద్దు గీసుకోవడం ఈ పనిలో నేను తీసుకున్న అత్యుత్తమ నిర్ణయం అనుకుంటాను. ఒకే రకం నాణేన్ని పదుల సంఖ్యలో చూస్తే గాని, రాజు చెవి మీది జుట్టు ఎంత అరిగితే ఎంత వాడకమో కంటికి తెలియదు.

1857 నుంచే మొదలుపెట్టడానికి కారణం ఉంది. అంతకు ముందు ఉత్తరాదిన ప్రష్యా పద్ధతి టాలర్ 22.27 గ్రాములు తూగేది గాని, అందులో వెండి నూటికి 75 వంతులే, తక్కినది రాగి. దక్షిణాదిన లెక్క వేరు. అక్కడ గుల్డెన్, దానికి 60 క్రాయిట్సర్లు. 1838లో డ్రెస్డెన్‌లో కుదిరిన ఒప్పందం ఈ రెండింటికీ మారకపు లెక్క కట్టింది. 1857 జనవరిలో వియన్నాలో కుదిరిన ఒప్పందంతో ఆస్ట్రియా కూడా చేరి, 500 గ్రాముల పౌండును కొలతగా పెట్టుకుని, ఆ పౌండు మేలిమి వెండి నుంచి సరిగ్గా 30 టాలర్లు తీయాలని నిర్ణయించారు. ఇదే ఫెరైన్స్‌టాలర్, అంటే కూటమి టాలర్. నూటికి 90 వంతుల వెండి, బరువు 18.52 గ్రాములు, అడ్డుకొలత 33 మిల్లీమీటర్లు. నాణెం మీదే రోమన్ అంకెల్లో 30 వేసి, ‘ఐన్ ప్ఫుండ్ ఫైన్’, అంటే ‘ఒక పౌండు మేలిమి’ అని రాశారు. ఇలాంటివి ముప్పై కరిగిస్తే పౌండు వెండి వస్తుందని నాణేమే ప్రజలకు మాట ఇస్తోందన్నమాట. ఒక నాణెం తన విలువకు తానే ఇంత సూటిగా జవాబుదారీ కావడం నన్ను మొదటిసారే కట్టిపడేసింది. దీనితో పోలిస్తే మా నాయనమ్మ రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో మేలిమి వెండి 10.69 గ్రాములు, టాలర్‌లో అది 16.67 గ్రాములు. సంతలో చేతికి తెలిసిన బరువు తేడా అదే.

నాణెం మాట ఇచ్చింది కాబట్టి, దాన్ని పరీక్షించి చూడడం న్యాయమే. మన కంసాలి అయితే గీటురాయి మీద గీసి చెప్పేస్తాడు గాని, నాణెం మీద గీత పడడానికి వీల్లేదు. నేను 0.01 గ్రాము వరకు చూపే చిన్న త్రాసు కొన్నాను. ముందు నాణేన్ని పొడిగా తూచాలి. వాడకంలో అరిగిన టాలర్ 18.3 నుంచి 18.5 గ్రాముల మధ్య ఉంటే నాకు అనుమానం ఉండదు. తర్వాత ఒక గ్లాసు నీళ్లు త్రాసు మీద పెట్టి, అంకెను సున్నా చేసి, సన్నని దారంతో నాణేన్ని నీళ్లలో పూర్తిగా మునిగేలా, గ్లాసు అడుగుకూ పక్కలకూ తగలకుండా వేలాడదీయాలి. అప్పుడు త్రాసు చూపే అంకె నాణెం తొలగించిన నీటి బరువు. 18.52 గ్రాముల టాలర్‌కు అది సుమారు 1.80 గ్రాములు రావాలి; పొడి బరువును ఈ అంకెతో భాగిస్తే 10.3 దగ్గర రావాలి, ఎందుకంటే 90 వంతుల వెండి, 10 వంతుల రాగి కలిసిన లోహపు సాంద్రత అదే. రాగి మీద వెండి పూత పూసిన నకిలీ అయితే నీటి అంకె 2.1కి దగ్గరగా పెరుగుతుంది. దారానికి గాలి బుడగలు పట్టుకుంటే లెక్క తప్పుతుంది కాబట్టి నేను ప్రతి నాణేన్నీ మూడుసార్లు తూచుతాను. తర్వాత కుళాయి నీటి మరకలు పడకుండా శుద్ధి చేసిన నీటిలో ముంచి తీసి, మెత్తని గుడ్డతో అద్దుతాను. రుద్దను.

బరువు సరిపోయినంత మాత్రాన నాణెం మంచిదని కాదు. ఇది నాకు మూడో కొనుగోలుతో తెలిసింది. ఆన్‌లైన్ వేలంలో 1861 నాటి టాలర్ ఒకటి రెండు వైపులా చక్కగా ఫొటోలో కనబడింది; 80 యూరోలకు పాడుకున్నాను. చేతికి వచ్చాక త్రాసు పరీక్షలో నెగ్గింది. కాని సాక్సనీ టాలర్ల అంచు మీద ‘గాట్ జేగ్నె జాక్సెన్’, అంటే ‘దేవుడు సాక్సనీని దీవించుగాక’ అని రాసి ఉంటుందని చదివి ఉన్నందువల్ల, అంచును భూతద్దం కింద మెల్లగా తిప్పుకుంటూ అక్షరాలు లెక్కపెట్టాను. రాజు తల పైభాగానికి ఎదురుగా వచ్చేసరికి రెండు అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. అక్కడ లోహం రంగు కొంచెం పాలిపోయి, ఆకురాయి పెట్టిన గీతలు కనబడ్డాయి. ఎప్పుడో ఎవరో దానికి కొక్కెం అతికించి గొలుసుకు వేసుకున్నారు. తర్వాత ఎవరో ఆ కొక్కెం ఊడదీసి, అతుకును అరగదీశారు. జర్మన్ సేకర్తలు దీన్ని ‘హెంకెల్‌ష్పూర్’, కొక్కెం జాడ అంటారు. ధర దీనివల్ల సగానికి పైగా పడిపోతుంది. అమ్మినవారి వర్ణనలో ఆ మాట లేదు. అడిగితే తమకు కనబడలేదని చెప్పి, డబ్బు తిరిగి ఇవ్వలేదు.

అది పట్టుకుని కూర్చున్నప్పుడు నాకు మన ఇళ్లలోని మాట ఒకటి గుర్తుకు వచ్చింది. గొలుసుకు వేలాడే బిళ్లను మనం ‘డాలరు’ అంటాం. డాలర్ అనే పేరు పుట్టిందే టాలర్ నుంచి. టాలర్ అనే పేరు 16వ శతాబ్దంలో వెండి గనులతో వెలిగిన యోహాకిమ్స్‌టాల్ అనే ఊరి నుంచి వచ్చింది. ఆ ఊరు సాక్సనీ సరిహద్దుకు అవతల, ఇప్పటి చెక్ దేశంలో ఉంది. కొక్కెం వేసిన ఈ టాలర్ ఎవరో సాక్సన్ ఇల్లాలి మెడలో నిజంగా డాలరే అయి ఉంటుంది. సేకర్తగా నాకు నష్టమే అయినా, కాసుల పేరు చూసి పెరిగినవాడిని కాబట్టి ఆ నాణేన్ని తిట్టలేకపోయాను. అప్పటి నుంచి మాత్రం అంచు ఫొటోలు, కనీసం నాలుగు కోణాల్లో, పంపిన తర్వాతే కొంటున్నాను. పంపడానికి ఇష్టపడనివారి దగ్గర కొనడం లేదు.

తర్వాత సంప్రదాయిక వేలం సంస్థల వైపు మళ్లాను. వేలం పుస్తకం చదవడానికి ముందు వాళ్ల భాష నేర్చుకోవాలి. ‘షోన్’ అంటే జర్మన్‌లో అందమైనది అని అర్థం, కాని నాణెం గురించి ఆ మాట రాశారంటే అది బాగా అరిగిపోయిందని. ‘జెర్ షోన్’, చాలా అందమైనది, అంటే మధ్యస్థంగా అరిగినది. ‘ఫోర్‌ట్స్యూగ్లిష్’ దగ్గరికి వస్తే గాని జుట్టు పాయలు విడివిడిగా కనబడవు. ‘ష్టెంపెల్‌గ్లాంట్స్’ అంటే అచ్చు నుంచి వచ్చిన మెరుపు చెక్కుచెదరనిది. ఈ నాలుగు మాటల కంటే వాటి తర్వాత చిన్న అక్షరాల్లో వచ్చే ‘అంచు దెబ్బ’, ‘శుభ్రం చేయబడింది’, ‘సన్నని గీతలు’ వంటి మాటలు ముఖ్యం. నాణెం రకాన్ని తెలపడానికి సామ్రాజ్యానికి ముందరి నాణేలకు ఎక్కువగా ఏ.కే.ఎస్. అనే కేటలాగు సంఖ్య వేస్తారు. అది 1800 నుంచి మొదలవుతుంది. ఇక డబ్బు లెక్క: సుత్తి దెబ్బ పడిన ధరే మనం కట్టే ధర కాదు. నేను పాడిన చోట దాని మీద నూటికి 20 వంతులకు పైగా సంస్థ రుసుము, తపాలా ఖర్చు కలిశాయి. అందుకని నా హద్దు 120 యూరోలైతే, రుసుము తీసేసి 95 దగ్గరే ఆగాలని ముందే కాగితం మీద రాసుకుని, ఆ కాగితం ఎదురుగా పెట్టుకునే పాడతాను.

నాలుగేళ్లలో పదకొండు సంవత్సరాల టాలర్లు చేరాయి. వాటిని వరుసగా పేర్చి చూసినప్పుడు, పుస్తకంలో చదివిన చరిత్ర కొత్తగా అర్థమైంది. 1866లో ప్రష్యాకూ ఆస్ట్రియాకూ జరిగిన యుద్ధంలో సాక్సనీ, హనోవర్ రెండూ ఆస్ట్రియా పక్షానే నిలిచాయి, రెండూ ఓడాయి. హనోవర్‌ను ప్రష్యా కలిపేసుకుంది, అక్కడి రాజు టాలర్ల వరుస 1866తో తెగిపోయింది. అదే ఏడు ఫ్రాంక్‌ఫర్ట్ నగరమూ నాసౌ సంస్థానమూ కూడా తమ నాణేలను కోల్పోయాయి. సాక్సనీ మాత్రం ఉత్తర జర్మన్ కూటమిలో చేరి తన రాజును నిలుపుకుంది, అందువల్ల యోహాన్ తల 1867లోనూ 1868లోనూ అలాగే కొనసాగింది. విభూతితో నేను పాడుచేసినది సరిగ్గా ఆ 1866 నాటి టాలరే. ఒక రాజ్యం బతుకుతుందో లేదో తెలియని ఏడాది అచ్చుపోసుకున్న నాణేన్ని, ఆ సంగతి ఎరగక నేను రుద్దేశాను.

ఒక ఆదివారం ఫ్రైబెర్గ్ వెళ్లాను. అక్కడ 1168లో వెండి బయటపడింది, 1913లో వెండి గనులు మూతపడ్డాయి. సాక్సనీ టాలర్లలో కొన్నింటి మీద ‘జేగెన్ డెస్ బెర్గ్‌బావ్స్’, అంటే ‘గనుల దీవెన’ అని ఉంటుంది. ఈ నేల నుంచి తవ్విన వెండితో చేసిన నాణేలని చెప్పడానికే ఆ మాట. భూమి లోపలికి దిగే ఆ గని గుమ్మం దగ్గర నిలబడి, జేబులోని టాలర్‌ను చేత్తో తడుముకున్నప్పుడు, ఇన్నాళ్లూ త్రాసు మీద చూసిన 16.67 గ్రాముల వెనుక ఉన్న శ్రమ నాకు మొదటిసారి తట్టింది. ఊరికి దగ్గర్లోనే ముల్డెన్‌హ్యుట్టెన్ ఉంది. డ్రెస్డెన్ టంకశాలను 1887లో అక్కడికి తరలించారు, మార్కు నాణేల మీది ‘ఇ’ అక్షరం రెండు చోట్లకూ చెందుతుంది.

సామ్రాజ్యం ఏర్పడ్డాక 1871, 1873 చట్టాలతో జర్మనీ బంగారం ప్రమాణంగా మార్కుకు మారింది. ఒక టాలర్‌కు మూడు మార్కులు లెక్కగట్టి, పాత నాణేలను క్రమంగా వెనక్కి తీసుకుని కరిగించి, ఆ వెండిని 1879 వరకు ప్రపంచ మార్కెట్‌లో అమ్మింది. వెండి ధర పడిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. వెండి ప్రమాణం మీద నిలిచిన మన రూపాయి ఆ దెబ్బ తిన్నది. 1870ల తొలినాళ్లలో దాదాపు రెండు షిల్లింగులున్న రూపాయి దిగజారుతూ పోగా, 1893లో భారతదేశపు టంకశాలలు ప్రజల వెండిని రూపాయిలుగా ముద్రించి ఇవ్వడం ఆపేశాయి. యోహాన్ టాలర్లు కరిగిన మంట వేడి మా నాయనమ్మ పోపుల పెట్టె దాకా వచ్చిందని తెలిసిన రోజు, ఈ రెండు నాణేలనూ ఒకే పళ్లెంలో పక్కపక్కన పెట్టాను. కరగకుండా మిగిలిన టాలర్లు 1907 సెప్టెంబరు చివరి దాకా మూడు మార్కులుగా చెల్లాయి. అందుకే నా వాటిలో చాలావరకు జేబుల్లో అరిగినవే.

దాచే పద్ధతి గురించి ఒక్క మాట. మెత్తని పీవీసీ సంచుల్లో నాణేలను పెట్టవద్దు. కొన్నేళ్లకు జిగురులాంటి ఆకుపచ్చ మరక పడుతుంది. నేను గుడ్డ పరిచిన చెక్క పళ్లెంలో, ఒక్కోదానికి ఒక్కో గుంట చొప్పున పెట్టి, కింద చిన్న చీటీ మీద సంవత్సరం, బరువు, నీటి అంకె, కొన్న చోటు, లోపం రాస్తాను. అంచును పట్టుకుని తీస్తాను, ముఖాన్ని ముట్టను.

ఇంకా నాలుగు సంవత్సరాల టాలర్లు దొరకాలి. ఫ్రాన్స్ మీద గెలుపుకు గుర్తుగా వచ్చిన 1871 విజయ టాలర్‌ను లెక్కలోకి తీసుకోవాలో వద్దో తేల్చుకోలేదు. 1854లో టిరోల్‌లో గుర్రబ్బండి ప్రమాదంలో చనిపోయిన రెండో ఫ్రీడ్రిష్ ఆగస్ట్ సంతాప టాలర్ నా హద్దుకు వెలుపలిదే అయినా, యోహాన్ గద్దెనెక్కింది ఆ మరణంతోనే కాబట్టి వరుసకు తలకట్టుగా అది ఉండాలనిపిస్తోంది. 1866 గుంటలో మాత్రం మార్పు లేదు. మంచి 1866 టాలర్లు రెండుసార్లు ఎదురైనా కొనలేదు. సంతలో కొన్నదే అక్కడ ఉంది. దాని చీటీ మీద లోపం అన్న చోట ‘విభూతితో రుద్దబడింది’ అని రాసి, రుద్దిన తేదీ వేశాను.